కోల్‌ట్రేన్ 'అలబామా' గురించి: మాటల్లేని వాయిద్యం నిరసన అవుతుందా?

వైజాగ్_వయోలిన్ | సెప్టెంబర్ 15, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత పోస్ట్ పెడుతున్నా, కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మూడు నెలలుగా ఒకటే ట్రాక్ వింటున్నా. అమెరికా నల్లజాతి జాజ్ సాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్ 'అలబామా'. 1963లో రికార్డు చేశాడు, ఐదు నిమిషాలు ఉంటుంది అంతే. నేను నేర్చుకుంది కర్ణాటక వయోలిన్, ఆర్కెస్ట్రాల్లో లైట్ మ్యూజిక్ కూడా వాయిస్తా, జాజ్ నాకు పెద్దగా తెలీదు. ఫ్రెండ్ ఒకడు పంపితే వేరే పని చేసుకుంటూ పెట్టా, మొదటి నిమిషంలోనే చేతిలో పని ఆగిపోయింది. కింద పియానో మంద్రంలో అదే పనిగా కదులుతా ఉంటుంది, తంబురా వేసినట్టే, కానీ తంబురాలో ఉండే నిమ్మళం దాంట్లో లేదు, అడుగున ఏదో కుతకుతలాడుతున్నట్టు ఉంటుంది. దాని మీద సాక్సఫోన్ ఒక్కో వాక్యం. తాళం లేదు. మన ఆలాపన లాగే అనిపించింది ముందు, కానీ ఆలాపనలో మనం రాగాన్ని విప్పుకుంటూ పోతాం కదా, ఈయన విప్పట్లేదు, చెప్పడానికి వచ్చి చెప్పలేక ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టినట్టు ఉంది. మధ్యలో కాసేపు తాళంలోకి వస్తారు, నడక అందుకుంటుంది, హమ్మయ్య అనుకునేలోపు అది వదిలేసి మళ్ళీ మొదటి చోటికే.

ఆ తర్వాత చదివా అది దేని గురించో. 1963 సెప్టెంబర్ 15, ఆదివారం పొద్దున 10:22కి అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్టు చర్చి మెట్ల కింద డైనమైట్ పేలింది. పెట్టింది కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్ళు. కింది అంతస్తులో ప్రార్థనకి తయారవుతున్న నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోయారు, ముగ్గురికి 14 ఏళ్ళు, ఒక పాపకి 11. ఆ చర్చి మీదే ఎందుకంటే ఆ ఏడాది మే నెలలో పిల్లలు ఊరేగింపులు మొదలుపెట్టింది అక్కడి నుంచే, పోలీసులు కుక్కల్ని వదిలి ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

రెండు నెలలు గడిచాక నవంబర్ 18న కోల్‌ట్రేన్ న్యూజెర్సీ స్టూడియోలో ఇది వాయించాడు. ఒక్క మాట లేదు. పేరు తీసేస్తే దేని గురించో ఎవరికీ తెలీదు.

నాకున్న సందేహం ఇదే. దీన్ని నిరసన సంగీతం అనొచ్చా? ఇంకోటి, దీన్ని నేను వయోలిన్ మీద సాధన చేస్తున్నా, వచ్చే నెల ఒక చిన్న కచేరీ ఉంది, అక్కడ వాయించాలని ఉంది. వాయించొచ్చా నేను? ముందు కథ చెప్పి వాయించాలా, ఊరికే వాయించాలా?


రికార్డుల_రాజు | సెప్టెంబర్ 15, రాత్రి 10:15

మంచి రోజున పెట్టారు పోస్ట్.

కొన్ని వివరాలు కలుపుతా. ఇది 'లైవ్ ఎట్ బర్డ్‌ల్యాండ్' అనే ఆల్బమ్‌లో వచ్చింది, పేరుకి లైవ్ అని ఉంది గానీ ఈ ట్రాక్ మాత్రం స్టూడియోలో చేసింది. మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గ్యారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. అదే డిసెంబర్‌లో ఒక టీవీ ప్రోగ్రామ్‌లో కూడా వాయించారు, ఆ వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడండి, నలుగురి మొహాల్లో ఎక్కడా ప్రదర్శన చేస్తున్న వాళ్ళ కళ ఉండదు. ఎల్విన్ జోన్స్ చివర్లో ఎలా లేస్తాడో చూడండి, అప్పటిదాకా దాచిపెట్టుకున్నదంతా అక్కడ బయటికొస్తుంది.

కోల్‌ట్రేన్ మాటల మనిషి కాదు. ఈ పేరుకి ఇప్పటి గొడవలతో ఏమన్నా సంబంధం ఉందా అని ప్రొడ్యూసర్ అడిగితే, అక్కడ నేను చూసినది నా లోపల్నుంచి సంగీతంగా వచ్చింది అన్న అర్థంలో ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు.

పిల్లల అంత్యక్రియల్లో మార్టిన్ లూథర్ కింగ్ సెప్టెంబర్ 18న మాట్లాడాడు కదా, ఆ ప్రసంగం నడకనే సాక్సఫోన్ మీదకి తెచ్చాడని చాలామంది నమ్ముతారు. దానికి గట్టి సాక్ష్యం ఉందని నేననను. కానీ ఆయనకి ఆ అలవాటైతే ఉంది. ఏడాది తర్వాత చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' చివరి భాగంలో, తను రాసుకున్న ప్రార్థనని ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం చొప్పున వాయిద్యం మీద పలికించాడు. కాగితం ముందు పెట్టుకుని వింటే మాట మాటా పట్టుకోవచ్చు. ఆయన తాతగారు పాస్టరు. చర్చిలో ప్రసంగం పాటగా మారే చోట పెరిగిన మనిషి.


కొత్తగా_వచ్చా | సెప్టెంబర్ 15, రాత్రి 10:32

ఇప్పుడే విన్నా. ఏడుపొచ్చింది. కానీ అన్నా నిజం చెప్పాలంటే మీ పోస్ట్ చదివాక విన్నా కాబట్టి వచ్చిందా లేక ఊరికే విన్నా వచ్చేదా అర్థం కావట్లేదు.


ఓరుగల్లు_పాట | సెప్టెంబర్ 15, రాత్రి 11:05

తమ్ముడు కరెక్ట్ పాయింట్ పట్టిండు. గదే నా మాట కూడా.

అన్నా నేను మాటల పక్షం. పాట అంటే మంది నోట్ల వడాలె, రేపు పొద్దుగాల పొలం కాడ పాడుకోవాలె, గప్పుడే అది పోరాటం. మా దిక్కు ఎవడన్న సస్తే ఆళ్ళ మీద పాట కడ్తరు, పేరు వెట్టి, ఊరు వెట్టి, సంపినోని పేరు గూడ వెట్టి. గద్దర్ కారంచేడుల దళితుల్ని సంపిన దాని మీద 'దళిత పులులమ్మా' పాడితే ఆంధ్రలో జరిగిన దానికి తెలంగాణ పల్లెల్ల మనుషులు లేచి నిలవడ్డరు. ఆ పాట వినే నేను కారంచేడు ఎక్కడుందో తెల్సుకున్న, పేపర్ల చదివి కాదు. సాక్సఫోన్ ఊదితే ఎవడు లేస్తడు? ఏడుస్తరు, మంచిదే, ఏడ్చి ఇంటికి వోతరు.

ఇదే బర్మింగ్‌హామ్ మీద నీనా సిమోన్ అనే నల్లజాతి గాయని పాట ఉంది గదా, 'మిసిసిపి గాడ్‌డామ్'. గది నిరసన అంటే. దాన్ని ఎవ్వడూ పొరపాటున గూడ ఇంకోలెక్క అర్థం చేసుకోలేడు.


రికార్డుల_రాజు | సెప్టెంబర్ 15, రాత్రి 11:40

// గది నిరసన అంటే //

ఒప్పుకుంటా, కానీ ఆ పాట పుట్టిన కథ చూడండి అన్నా. 1963 జూన్‌లో మిసిసిపిలో నల్లవాళ్ళ హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని ఆయన ఇంటి ముందే కాల్చేశారు. సెప్టెంబర్‌లో ఈ పిల్లలు. వార్త విన్న నీనా సిమోన్ ఇంట్లో దొరికిన సామానుతో నాటు తుపాకీ చేయడానికి కూర్చుంది. ఆవిడే ఆత్మకథలో రాసుకుంది. భర్త చూసి, నీకు చంపడం గురించి ఏం తెలుసు, నీకున్నది సంగీతం అన్నాడు. గంటలో పాట రాసి బయటికొచ్చింది. 1964 మార్చిలో కార్నెగీ హాల్లో పాడింది. ట్యూన్ వింటే గంతులేసే నాటకం పాట లాగా హుషారుగా ఉంటుంది, అదే ఆ పాటలో భయం పుట్టించే సంగతి. అమెరికా దక్షిణాది రేడియో స్టేషన్లు వేసేది లేదన్నాయి, పంపిన రికార్డుల్ని విరగ్గొట్టి వెనక్కి పంపిన సందర్భాలున్నాయి.

ఇంకో పాట కూడా ఉంది దీని మీదే. రిచర్డ్ ఫారినా రాసిన 'బర్మింగ్‌హామ్ సండే', జోన్ బేయెజ్ పాడింది. అందులో నలుగురు పిల్లల పేర్లూ వస్తాయి, ఒక్కో చరణంలో ఒక్కో పాప. జోలపాట అంత మెల్లగా ఉంటుంది.

ఒకే బాంబు. ఒకామె కోపం గంటలో పాటైంది. ఒకాయన పేర్లు పలికాడు. ఒకాయన రెండు నెలలు ఆగి మాట లేకుండా వాయించాడు. ఈ మూడింట్లో ఏది గొప్పది అని పోటీ పెట్టడం నాకిష్టం లేదు.


చీరాల_డప్పు | సెప్టెంబర్ 16, ఉదయం 6:50

పొద్దున్నే లేచి చూశా ఈ థ్రెడ్. కారంచేడు పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా, మాది ఆ పక్కనే.

నేను పుట్టకముందు జరిగింది అది, 1985 జులై 17. తాగే నీళ్ళ చెరువులో గేదెలకి కుడితి పెట్టిన బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైంది. ఆరుగుర్ని చంపారు. బతికినోళ్ళు ప్రాణాలు చేతబట్టుకుని చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. మా నాయనమ్మ ఆ శిబిరానికి అన్నం మోసింది, ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మా తాత డప్పు కొట్టేవాడు. నేనూ కొడతా. ఓరుగల్లు అన్నా, మాట లేకపోతే మనిషి లేవడు అన్నావు కదా, డప్పులో మాట ఎక్కడుంది అన్నా? పెళ్ళికి ఒక దరువు, జాతరకి ఒక దరువు, చావుకి ఒక దరువు. చావు దరువు వినపడితే ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంట్లో పొయ్యి మీద ఉన్నది దించి బయటికి వస్తారు. ఎవరు పోయారు అని అడుగుతారే తప్ప ఏమైంది అని అడగరు. గద్దర్ పాటకి ముందు కూడా ఆ డప్పే కదా మోగేది.

మీరిచ్చిన ట్రాక్ ఇప్పుడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. సాక్సఫోన్ సంగతి నాకు తెలీదు. చివర్లో ఆ డ్రమ్స్ ఉన్నాయి చూడండి, అది నాకు తెలుసు. శవం లేచేటప్పుడు కొట్టే దెబ్బ అది.


ఓరుగల్లు_పాట | సెప్టెంబర్ 16, ఉదయం 8:20

తమ్ముడూ నువ్వన్నది ఒప్పుకుంట. డప్పు ముచ్చట నేను మరిచిన. మీ నాయనమ్మకు దండాలు.

కానీ ఒక ఫరక్ ఉంది. చావు దరువు ఊరందరికి ఎర్కే, ఎందుకంటే తాతల కాడి నుంచి ఇంటున్నరు. ఇది ఒక్కడు స్టూడియోల కూసొని చేసింది. నల్లోళ్ళకైనా అది ఎర్కైందా అని నా డౌట్.


అట్లాంటా_అక్క | సెప్టెంబర్ 16, సాయంత్రం 5:10

ఎరుకైంది అండి. ఇక్కడ నల్లవాళ్ళ చర్చిల్లో ప్రసంగం ఎలా సాగుతుందో ఒక్కసారి వింటే మీకు ఆ డౌట్ ఉండదు. పాస్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు రాగంలోకి పోతుంది, వెనక ఆర్గన్ సన్నగా పట్టుకుని ఉంటుంది, ఒక మాట చెప్పి ఆగుతాడు, జనం బదులిస్తారు, మళ్ళీ చెప్తాడు. కోల్‌ట్రేన్ వాయించింది అచ్చం ఆ పద్ధతే. ఆయన ఆగిన చోటల్లా అక్కడ జనం ఉండాలి. జనం బదులు నిశ్శబ్దం ఉంది. అది వాళ్ళకి ఇంకొకళ్ళు చెప్పాల్సిన పనిలేదు.

నేను ఆ చర్చికి వెళ్ళాను. మా ఊరి నుంచి కారులో రెండున్నర గంటలు. పిల్లల్ని తీసుకెళ్ళాం, నా కూతురికి అప్పుడు పదకొండేళ్ళు, అది గుర్తొచ్చే సరికి లోపలికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. పేలుడులో ఒక రంగుటద్దాల కిటికీ మిగిలింది, కానీ అందులో క్రీస్తు మొహం ఒక్కటే ఊడిపోయింది. దాని సంగతి తెలిసి ఎక్కడో బ్రిటన్‌లోని వేల్స్ జనం చందాలు వేసి కొత్త కిటికీ చేయించి 1965లో పంపారు. ఒక్కొక్కరు అర క్రౌను, అంటే అప్పటి వాళ్ళ నాణెం ఒకటి, అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదని పెట్టారట, ఒక డబ్బున్న ఆయన చెక్కు రాసిచ్చేస్తే అది అందరిదీ అవ్వదు కదా అని. ఆ కిటికీలో శిలువ మీద ఉన్న క్రీస్తు నల్లవాడు. చేతులు చాచి ఉంటాడు, ఒక చెయ్యి అన్యాయాన్ని నెట్టేస్తున్నట్టు, ఒక చెయ్యి క్షమిస్తున్నట్టు. ఎంతసేపు నిలబడ్డామో తెలీదు.

వైజాగ్ తమ్ముడూ, నువ్వు వాయించొచ్చా అని అడిగావు. వేల్స్ వాళ్ళకి ఏం హక్కుందని కిటికీ పంపారు? వాయించు. కాకపోతే అర క్రౌనే పెట్టు. అంటే దాన్ని నీ కచేరీలో పెద్ద ఐటమ్ చేసి నీ చెయ్యి చూపించుకోవద్దు, సంగతులు వెయ్యొద్దు.


వైజాగ్_వయోలిన్ | సెప్టెంబర్ 16, రాత్రి 8:30

అక్కా, ఈ మాట రాసి పెట్టుకున్నా. నిజం చెప్తున్నా నేను దాంట్లో గమకాలు వేసి చూశా మొదట్లో, మనకి చేతికి అలవాటు కదా, స్వరం ఒట్టిగా పట్టుకోవాలంటే చేతకాదు. వేస్తే బాగానే ఉంది వినడానికి, అదే తప్పు అనిపించింది, బాగుండకూడదు అది. గమకం తీసేసి నిలువుగా పట్టుకుని విల్లు మాత్రం బరువుగా లాగితే అప్పుడు కొంచెం దగ్గరికొచ్చింది.


భాగ్యనగర్_బేస్ | సెప్టెంబర్ 16, రాత్రి 9:15

కులం వేరు, జాతి వివక్ష వేరు, రెండూ కలిపి మాట్లాడితే రెండిటికీ న్యాయం జరగదు అని నా అభిప్రాయం. అమెరికాలో జరిగిందాన్ని అమెరికా చరిత్రలోనే చూడాలి, అక్కడ బానిసత్వం ఉంది, తర్వాత చట్టబద్ధంగా వేరు స్కూళ్ళు వేరు బస్సు సీట్లు ఉన్నాయి. ప్రతిదానికీ మన ఊరి ఉదాహరణ తెస్తే కోల్‌ట్రేన్ పక్కకి పోతాడు.


చీరాల_డప్పు | సెప్టెంబర్ 16, రాత్రి 9:50

వేరే అని నాకూ తెలుసు అండి. ఒకటే అని నేనెక్కడా అనలేదు. చావు దరువు వినపడింది అన్నా, అంతే.

కానీ కోర్టుల సంగతి చదివితే మాత్రం నాకు వేరు అనిపించలేదు. ఆ బర్మింగ్‌హామ్ కేసులో మొదటివాడికి శిక్ష పడింది 1977లో. అంటే 14 ఏళ్ళ తర్వాత. ఇంకో ఇద్దరికి 2001, 2002లో. నాలుగోవాడు కేసే లేకుండా 1994లో పోయాడు. ఇక్కడ చుండూరు, 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇలాంటప్పుడు పాట ఎందుకు కడతారో బయటివాళ్ళకి అర్థం కాదు. పాట తప్ప రికార్డు ఏదీ మిగలదని కడతారు.


మోడరేటర్ | సెప్టెంబర్ 16, రాత్రి 10:05

చర్చ మర్యాదగా జరుగుతోంది, సంతోషం. కులం, జాతి పోలిక మీద ఇంకా మాట్లాడాలనుకునేవాళ్ళు కొత్త థ్రెడ్ తెరవండి, ఇక్కడ సంగీతం గురించే ఉంచుదాం. చీరాల గారి పోస్ట్ అలాగే ఉంటుంది, తీయను.


కొత్తగా_వచ్చా | సెప్టెంబర్ 16, రాత్రి 10:20

ఇలా మాటలు లేకుండా చేసినవి ఇంకా ఉన్నాయా? లిస్ట్ ఇవ్వండి ఎవరైనా.


రికార్డుల_రాజు | సెప్టెంబర్ 16, రాత్రి 11:30

లిస్ట్ ఇవ్వను గానీ రెండు మూడు చెప్తా, నెమ్మదిగా విను, అన్నీ ఒక్క రాత్రిలో వినేవి కావు.

చార్లెస్ మింగస్ బేస్ వాయించేవాడు. 1957లో లిటిల్ రాక్ ఊళ్ళో తొమ్మిది మంది నల్ల పిల్లల్ని హైస్కూల్లోకి రానివ్వకుండా గవర్నర్ ఫాబస్ సైనికుల్ని పెట్టాడు. మింగస్ ఆ గవర్నర్ పేరు పెట్టే ట్యూన్ చేశాడు, 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్'. 1959లో పెద్ద కంపెనీలో వచ్చినప్పుడు మాటల్లేవు, మరుసటేడు చిన్న కంపెనీకి చేసినప్పుడు మాటలతో వచ్చింది, గవర్నర్‌ని పచ్చిగా కడిగేస్తారు. రెండూ విను. మాటల్లేని దాంట్లో కూడా ఆ ట్యూన్ నడకే వెటకారం, లావుపాటి మనిషి దర్పంగా నడుస్తూ కాలు జారుతున్నట్టు.

మాక్స్ రోచ్ 1960లో 'వుయ్ ఇన్సిస్ట్' చేశాడు. అందులో ఒకచోట గాయని ఆబీ లింకన్ గొంతు, రోచ్ డ్రమ్స్, ఇద్దరే. ముందు ప్రార్థన, తర్వాత నిరసన, తర్వాత శాంతి. ఆ నిరసన అనే చోట ఆవిడ నిమిషం పైగా అరుస్తుంది. పాడదు. అరుస్తుంది. పక్కింటోళ్ళు కంగారు పడతారు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకో.

వీటన్నిటి కంటే ముందు 'స్ట్రేంజ్ ఫ్రూట్' ఉంది, అది మాటల పాటే, చెట్టుకి ఉరితీసిన నల్లవాళ్ళ మీద. రాసింది న్యూయార్క్ యూదు స్కూలు టీచరు ఏబెల్ మీరోపోల్. 1939లో బిల్లీ హాలిడే కెఫే సొసైటీ అనే క్లబ్బులో పాడేటప్పుడు సర్వర్లు అన్నీ ఆపేసేవాళ్ళు, లైట్లు తీసేసి ఆవిడ మొహం మీద ఒక్కటే ఉంచేవాళ్ళు. పాటవ్వగానే చీకటి. మళ్ళీ పాడమన్నా ఆవిడ వచ్చేది కాదు. ఆవిడ కంపెనీ రికార్డు చేయనంటే ఇంకో చిన్న కంపెనీలో చేసింది.

వైజాగ్ గారూ, మీకు కావాల్సింది ఇందులోనే ఉంది చూడండి. కథ చెప్పాలా వద్దా అనేది ఒకటి, ఎప్పుడు వాయించాలి అనేది ఇంకోటి. అది చివరి ఐటమ్ కావాలి. దాని తర్వాత మంగళం పాడి, చప్పట్లు కొట్టించుకుని, సన్మానం చేయించుకుంటే దాన్ని వాయించకపోవడమే మంచిది.


కాన్సాస్_వీణ | సెప్టెంబర్ 17, తెల్లవారుజాము 4:25

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను.

మాది కాన్సాస్. 2017 ఫిబ్రవరి 22న ఒలేతాలో బార్‌లో మన తెలుగబ్బాయిని, ఇంజనీరు, మా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చి చంపారు. ఆ చోటు మా ఇంటికి పదిహేను నిమిషాలు. నేను ఇక్కడ పిల్లలకి వీణ చెప్తాను. ఆ వారం క్లాసుకి ఒక్కళ్ళూ రాలేదు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, షాపుకి తీసుకెళ్తూ, అత్తయ్యా లోపల తెలుగులో మాట్లాడకండి అన్నాను. ఆవిడ సరేనమ్మా అన్నారు. షాపులో ఒక్క మాట మాట్లాడలేదు, కారులోకి వచ్చాక కూడా మాట్లాడలేదు. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నిద్రపట్టని రాత్రులున్నాయి నాకు.

తెలిసినవాళ్ళు అడిగారు, కొవ్వొత్తులు పెడుతున్నాం, నువ్వు ఏదైనా వాయించు, కొత్తగా ఏదైనా కట్టు అని. కూర్చున్నాను. ముఖారి మొదలుపెట్టాను, శోకానికి ముఖారి అని చిన్నప్పటి నుంచి చెప్పారు కదా. రెండు నిమిషాలకే చేతులు తీసేశాను. నా వేళ్ళకి ముఖారి ముందే తెలుసు, ఎక్కడ ఏడవాలో ముందే తెలుసు, అదంతా ఎప్పుడో కట్టిపెట్టిన ఏడుపు. శుభపంతువరాళి కూడా అంతే. అవి చెడ్డ రాగాలని కాదు, ఆ రోజు నాకు అవి అబద్ధంగా ఉన్నాయి. చివరికి ఏదో కీర్తన వాయించి వచ్చేశాను. అందరూ బాగుంది అన్నారు.

వైజాగ్ గారు రాసిన మాట, బాగుండకూడదు అది అని, చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను.


అట్లాంటా_అక్క | సెప్టెంబర్ 17, ఉదయం 7:40

వీణమ్మా. ఏం రాయాలో తెలీట్లేదు. ఆ వారం మేమందరం అలాగే ఉన్నాం, మా ఆయన్ని ఆఫీసు నుంచి చీకటి పడకముందే వచ్చెయ్యమన్నా నెల రోజులు.

ఒకటి మాత్రం చెప్పాలి, నీ గురించి కాదు, మనందరి గురించి. ఆ రోజు మనం కొవ్వొత్తులు పెట్టాం. ఎరిక్ గార్నర్ అనే నల్లాయన మెడని పోలీసు పట్టుకుని ఊపిరాడకుండా చేసి చంపినప్పుడు 2014లో మనలో ఎంతమంది పెట్టాం? మనకెందుకు అన్నవాళ్ళే ఎక్కువ, నేనూ అన్నాను. గార్నర్ కేసులో పోలీసు మీద చార్జీలు పెట్టట్లేదని వచ్చినప్పుడు ఇక్కడ అట్లాంటాలోనే చదువుకున్న జోయెల్ థాంప్సన్ అనే కుర్రాడు ఒక కోరస్ కృతి రాశాడు. పోలీసుల చేతుల్లో, ఇంకొకళ్ళ చేతుల్లో పోయిన ఏడుగురు నల్లజాతి మగవాళ్ళు చివరిగా అన్న మాటలు, అవే సాహిత్యం. క్రీస్తు శిలువ మీద పలికిన ఏడు మాటలకి పాత రోజుల్లో హైడన్ కట్టిన సంగీతం ఉంది, ఆ వరసలో కట్టాడు. ముందు అది ఎవరికీ వినిపించాలని కూడా కాదట, తనలో తను తట్టుకోలేక డైరీ లాగా రాసుకున్నాడు. 2015లో మిచిగన్ యూనివర్సిటీ మగపిల్లల కోరస్ మొదటిసారి పాడింది.

మా చర్చి కోరస్‌లో అందులోని ఒక భాగం నేర్చుకున్నాం. ఒక్కడు, అమ్మకి ఫోన్ చేసి అన్న మాట. పాడేటప్పుడు తలెత్తకూడదు అనుకున్నా, మా డైరెక్టరు తలెత్తమంది, ముందు కూర్చున్న వాళ్ళని చూస్తూ పాడాలి అంది. అంత కష్టమైన పని నేను ఇంకోటి చేయలేదు. కోల్‌ట్రేన్ మాట తీసేశాడు, ఈ పిల్లాడు మాట తప్ప ఏదీ కలపలేదు, చచ్చిపోయినవాళ్ళ మాటే.


ఓరుగల్లు_పాట | సెప్టెంబర్ 17, ఉదయం 9:30

వీణ అక్కా, మీరు రాసింది మా ఇంట్ల చదివి వినిపించిన. మా అమ్మ ఒకటే అన్నది, ఆమె అత్తమ్మతోటి మళ్ళ అదే దుకాణంకు పోయి తెలుగుల మాట్లాడిచ్చిందా లేదా అని.

ఇంకోటి. నేను మాటలే కావాలె అన్న గదా మొన్న. పొద్దుగాల మళ్ళ ఇన్న ఆ అలబామా. మాట కోసం ఎతికిన దాంట్ల. తర్వాత ఎతుకుడు బంద్ పెట్టిన.


కాన్సాస్_వీణ | సెప్టెంబర్ 18, తెల్లవారుజాము 3:50

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. తీసుకెళ్ళాను. ఆర్నెల్ల తర్వాత. టమాటాలు బాలేవని షాపంతా వినపడేలా తెలుగులో అన్నారు.

నిన్న రాత్రి మళ్ళీ వీణ ముందు కూర్చున్నాను. రాగం పేరు పెట్టుకోలేదు. తానం లాగా, కానీ ఆ గుర్రపు నడక లేకుండా. మంద్ర పంచమం మీద మీటి, అది పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగి, మళ్ళీ మీటడం. అట్లాంటా గారు చెప్పినట్టు ఆ ఆగిన చోట జనం ఉండాల్సింది. నాలుగు వాక్యాలు అయ్యాయి. అయిదోది రావట్లేదు, బలవంతం చేయను.

ఇంకో సంగతి, మీకెవరికైనా తెలుసేమో. కోల్‌ట్రేన్ మన సంగీతం చాలా విన్నాడు, రవిశంకర్ గారి మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆయన పోయాక భార్య ఆలిస్ కోల్‌ట్రేన్ మన పుట్టపర్తి సాయిబాబా భక్తురాలైంది, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి ఆర్గన్ మీద భజనలు కట్టింది. ఆ భజనల్లో నల్లవాళ్ళ చర్చి గొంతు అలాగే ఉంటుంది. కాబట్టి వైజాగ్ గారూ, వాయించొచ్చా అని సందేహపడకండి, వాళ్ళు మన ఇంటికి ఎప్పుడో వచ్చి కూర్చున్నారు.


రికార్డుల_రాజు | సెప్టెంబర్ 18, ఉదయం 10:10

కోల్‌ట్రేన్ 1961లోనే 'ఇండియా' అని ఒక ట్రాక్ కూడా చేశాడు. ఆయన పోయింది 1967 జులై 17, నలభై ఏళ్ళకే. చీరాల గారు రాసిన తేదీ చూసినప్పుడు గుర్తొచ్చింది. దానికి అర్థం ఏమీ లేదు, ఊరికే చెప్పా.


వైజాగ్_వయోలిన్ | సెప్టెంబర్ 18, రాత్రి 9:00

నిర్ణయించుకున్నా. చివర్లో వాయిస్తా. ముందు కథంతా చెప్పను, ఊరి పేరు, తేదీ, నలుగురు పిల్లల పేర్లు, అంతవరకే చెప్పి మొదలుపెడతా. యాడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కేరల్ రాబర్ట్‌సన్, డెనిస్ మెక్‌నెయిర్. రోజూ అద్దం ముందు పలుకుతున్నా, తప్పు పలక్కూడదని. కింద కీబోర్డుతో ఆ మంద్ర స్వరం పెట్టడానికి మా స్టూడెంట్ ఒప్పుకుంది. డ్రమ్స్ దగ్గరే ఆగిపోయా, ఇక్కడ ప్యాడ్స్ వాయించేవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళకి ఎలా చెప్పాలో తెలీట్లేదు.

వీణ గారూ, ఆ నాలుగు వాక్యాలు రికార్డు చేసి పంపగలరా? అయిదోది రాకపోయినా పర్లేదు.


కాన్సాస్_వీణ | సెప్టెంబర్ 19, తెల్లవారుజాము 4:05

ఫోన్లోనే చేశాను, వెనక ఫ్యాన్ చప్పుడు ఉంది. మీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను. చీరాల గారికి కూడా.


చీరాల_డప్పు | సెప్టెంబర్ 19, ఉదయం 6:30

విన్నా అక్కా. నాలుగోదాని తర్వాత మీరు ఆగిన చోట నాకు చెయ్యి లేచింది.

వైజాగ్ అన్నా, ప్యాడ్స్ వద్దు. కచేరీ తేదీ చెప్పు, రాత్రి ట్రైన్‌కి వస్తా. హాలు బయట కాస్త చితుకులు మంట వేసుకోడానికి చోటుందేమో కనుక్కో, డప్పు కాచుకోవాలి.